ప్రతి రంగంలో ఒక పళ్ళెం

మొన్న నల్గొండలో మా వాళ్ళ పెండ్లికి పోయాను. భోజనాల బంతిలో నాకు కుడిపక్క ఒక పెద్దమనిషి, ఎడమపక్క ఇంకొక పెద్దమనిషి. ఇద్దరివీ ఒకే అచ్చులో పోసిన ముక్కులు, అన్నదమ్ములని నాకెవరూ చెప్పనక్కరలేకపోయింది. కుడిపక్కాయన నాతో, "సారూ, గా పక్కాయన ముంగట ఉప్పు గిన్నె ఉన్నది, జర ఇటు ఇయ్యుమనుండ్రి" అన్నాడు. ఎడమపక్కాయనకు చెవుడేమీ లేదు. అయినా నేను మళ్ళీ చెప్పేదాకా ఆగి, గిన్నె నా చేతికిచ్చి, "సాలుతదా అడుగుండ్రి" అన్నాడు. పప్పు నుంచి పెరుగు దాకా వాళ్ళిద్దరి మధ్య తపాలా మోయడమే నా పని అయింది. నా గారెలు చల్లారిపోయాయి. చివరికి నవ్వు ఆగక నాకు పొలమారితే, ఇద్దరూ చెరొకవైపు నుంచి నా వీపు తట్టారు, ఒకరి చెయ్యి ఇంకొకరికి తగలకుండా వంతులు వేసుకుని.

నేను నవ్వింది వాళ్ళను చూసి కాదు. నాకు కంపౌండర్ సాబ్ గుర్తొచ్చాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఉండి ఉంటే బంతి మధ్యలోంచి లేచొచ్చి, ఇద్దరి మెడలూ తడిమి చూసి, "ఎన్ని దినాల సంది బంద్ అయినయి మాటలు? మేత ముడుతాందా?" అని అడిగి, నెల తిరిగేసరికి వాళ్ళ కోసం ఒక నాటకం రాసిపెట్టేవాడు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నన్ను భువనగిరి బడికి పంతులుగా వేశారు. మాది పాలమూరు వైపు. నేను కిరాయికి దిగిన గదికి ఎదురుగా పశువుల దవాఖాన ఉండేది. డాక్టరు ఎప్పుడూ క్యాంపులో ఉండేవాడు, కంపౌండర్ ఎప్పుడూ నాటకంలో ఉండేవాడు, ఈ మధ్యలో పశువులు చాలావరకు తమంతట తామే నయమై ఇంటికి పోయేవి. ఆయన సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. గొంతు మాత్రం ఇంకెవరిదో తెచ్చి పెట్టుకున్నట్టు పెద్దది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటి మనిషి గొంతు కింద, ఆవుకైతే గంగడోలు ఉండే చోట, వేళ్ళతో గోకేవాడు. అలవాటు. మొదటిసారి నన్ను గోకినప్పుడు నాకు కోపమొచ్చింది. ఆరు నెలలయ్యాక, గోకకపోతే ఏం తప్పు చేశానా అని దిగులు పట్టుకునేది.

ఆయన చదివింది నిజాం కాలపు ఉర్దూ చదువు. తెలుగు నోటినిండా ఉండేది గానీ చేతికి వచ్చేది కాదు. అందుకని తెలుగు నాటకాలను ఉర్దూ లిపిలో, దవాఖాన చిట్టీల వెనుక రాసేవాడు. వేషాలు వేసేవాళ్ళలో ఒక్కడికీ అది చదవడం రాదు. నాకు రెండు లిపులూ వచ్చునని తెలిసిన రోజే ఆయన నన్ను పట్టుకున్నాడు. "సారూ, దేవుడే మిమ్మల్ని తోలిండు" అని గొంతు కింద గోకి, తెర వెనుక నిలబడి మాటలు అందించే పని నాకు అంటగట్టాడు. నిజం చెప్పాలంటే నాటకాల మీద నాకు పెద్ద గౌరవం లేదు. రాజు వచ్చి తాను రాజునని చెప్పుకోవడం, జనం నమ్మడం నాకు ఇప్పటికీ విడ్డూరమే. అయినా ఆరేళ్ళు ఆ తెర వెనుక దోమలు కొట్టుకుంటూ నిలబడ్డాను.

మీరు నాటకాలెందుకు రాస్తారని ఆయనను నేను చాలాసార్లు అడిగాను. ఒకసారి, "మీరు పొద్దుగాల లేచి పండ్లెందుకు తోముతరు?" అన్నాడు. ఇంకోసారి, "తాసీల్దార్ సాబ్ నోరు మూసుకొని గంటసేపు కూసునేది నా నాటకంలనే, గందుకు" అన్నాడు. అసలు సంగతి నేను చూసి తెలుసుకోవలసి వచ్చింది.

ఆయన ఊరికే నాటకం రాయడు. ఊళ్ళో ఎవరెవరికి మాటలు లేవో వాళ్ళ కోసమే రాస్తాడు. మా వైపు మనుషులకు అలిగి మాట మానేయడం ఒక పెద్ద ఆస్తి, తాత మానేస్తే మనమడు కూడా కాపాడుకుంటూ వస్తాడు. పశువును పట్టుకొచ్చిన రైతును, "మీ ఊళ్ళె ఎవలెవలికి మాటల్లేవు? ఎన్ని దినాల సంది? పెరుగుతాందా, తగ్గుతాందా?" అని అడిగేవాడు. పశువు రోగం కంటే ఈ రోగం గురించే ఎక్కువ అడిగేవాడు. మంచి ముదిరిన జంట దొరికితే ఇద్దరికీ ఒకే నాటకంలో వేషాలిచ్చి, వాళ్ళు ఒకరితో ఒకరు అనుకోవలసిన మాటలు రాజుల నోట్లో, మంత్రుల నోట్లో పెట్టేవాడు. మాటలు లేవు కాబట్టి వేషం వద్దంటారేమోనని మొదట్లో నేను అనుకున్నాను. వేషం దొరుకుతుందంటే మా వాళ్ళు పామును పక్కన పెట్టుకుని కూడా నిలబడతారని అప్పుడు నాకు తెలియదు.

నేను వచ్చాక మొదటి జంట బట్టల దుకాణం రాజయ్య, పక్కింటి వీరయ్య. వీరయ్య ఇంటి మురికి మోరి నీళ్ళు రాజయ్య వాకిట్లోకి పారతాయని తగాదా. నాలుగేళ్ళు మాటల్లేవు. కంపౌండర్ ఇద్దరినీ ఇరుగుపొరుగు దేశాల రాజులను చేశాడు. ఇద్దరికీ అట్టతో కిరీటాలు చేసి, తళుకు కాగితం అతికించాడు. నాటకంలో రాజయ్య మహారాజు సింహాసనం మీద నుంచి లేచి, "ఓయి పొరుగు రాజా, నీ రాజ్యపు మోరి నీరు నా కొలువుకూటమున ప్రవేశించుచున్నది, ఎరుగుదువా?" అన్నాడు. కాగితం ప్రకారం వీరయ్య, "క్షమింపుము రాజా" అనాలి. వీరయ్య కిరీటం సర్దుకుని, "నీ సింహాసనం పల్లంల ఏసుకుంటె నేనేం జేస్త?" అన్నాడు. నేను కాగితాలన్నీ తిరగేశాను, ఆ మాట ఎక్కడా లేదు. ఆ తర్వాత అరగంట సేపు ఇద్దరు రాజులూ సొంతంగానే మోరి మీద యుద్ధం చేశారు. ముందు వరుసల్లోని జనం లేచి తలా ఒక సలహా ఇచ్చారు. చివరికి మోరి మీద బండ పరవాలని ఒప్పందం కుదిరింది, తెర పడింది.

తెల్లారి చూస్తే ఇద్దరూ మళ్ళీ ముఖాలు తిప్పుకుని పోతున్నారు. అదేమిటని రాజయ్యను అడిగాను. "రాత్రి మాట్లాడింది రాజు గద సారూ. నాకు ఆయనతోని మాటలేడున్నయి?" అన్నాడు. కానీ నాలుగో రోజు అదే రాజయ్య దవాఖానకు వచ్చి, అటూ ఇటూ చూసి, మెల్లగా, "కంపౌండర్ సాబ్, జర గా కిరీటాలు ఇస్తవా? బండ ఏ దిక్కుకెల్లి పరవాలెనో వీరయ్యను అడిగేదుంది" అన్నాడు. మిట్టమధ్యాహ్నం, ఇద్దరూ కిరీటాలు పెట్టుకుని మోరి గట్టున గొంతుక్కూర్చుని బండ కొలుచుకున్నారు. పని కాగానే కిరీటాలు తీసేసి, మాటలు బంద్ చేసి, ఎవరింటికి వాళ్ళు పోయారు.

ఇక ఆ కిరీటాలకు విశ్రాంతి లేదు. దవాఖానలో సూదులు పెట్టే అలమార పక్కన మేకుకు వేలాడుతుండేవి. వియ్యంకుడితో లగ్నం సంగతి మాట్లాడాలని ఒకాయన, పాలివాడితో పొలం గెట్టు సంగతి తేల్చుకోవాలని ఒకాయన వచ్చి పట్టుకుపోయేవారు. ఒక అత్తాకోడళ్ళ కోసం పొరుగింటామె వచ్చి కొంగు చాటున రెండూ దాచుకుని పోయింది. వాటిని వెనక్కి తెచ్చినప్పుడు ఒకదానికి పసుపంటి ఉంది, రెండోది కొంచెం వంగి ఉంది. నెత్తి మీద కిరీటం ఉంటే అది వేషం మాట, దించితే ఆ మాట ఎవరూ పట్టించుకోకూడదు. ఈ చట్టం ఎవరు రాశారో తెలియదు గానీ ఊరంతా దానికి కట్టుబడింది.

"వేషం తీస్తే మళ్ళీ మొదటికే వస్తున్నారు గదా, మీ నాటకం ఏం పనిచేసినట్టు?" అని నేనొకసారి ఎత్తిపొడిచాను. ఆయన నన్ను గోకుతూ, "విరిగిన కాలికి కట్టు కడతం. ఎముక ఎన్నడు అతుక్కుంటదో ఎద్దుకెరుకనా సారూ? కట్టు ఉండనియ్యాలె, గంతే" అన్నాడు.

ఆయనతో నాకు అసలైన తగాదా పళ్ళెం దగ్గర వచ్చింది. ఏ నాటకమైనా ప్రతి రంగంలో ఒక ఇత్తడి పళ్ళెం కింద పడాలి. కొలువులో పడుతుంది, అంతఃపురంలో పడుతుంది, యుద్ధంలో పడుతుంది. కాగితం అడుగున ఎర్ర సిరాతో రెండు గీతలు కొట్టి మరీ రాసేవాడు. "అడవిలో తపస్సు చేసుకునే ఋషి చేతిలో పళ్ళెం ఎందుకుంటుంది?" అని అడిగాను.

"ఋషి తినడా?"

"తింటాడు సరే, పడెయ్యడం ఎందుకు?"

"చెయ్యి జారింది."

"కళ్ళు మూసుకుని కూర్చున్నవాడికి చెయ్యెందుకు జారుతుంది సాబ్?"

ఆయనకు కోపమొచ్చింది. "మూడో వరుసల కునుకు తీస్తున్నోనికి ఋషి లేడు, అడివి లేదు. పళ్ళెమొక్కటే ఉంటది. నా నాటకంల ఎవ్వడు నిద్రపోవొద్దు" అన్నాడు. సాధన కూడా దవాఖాన వాకిట్లోనే చేయించేవాడు. వేషగాడు మాట చెబితే అవతల గోడకు కట్టేసిన బర్రె చెవి తిప్పాలి. తిప్పకపోతే మళ్ళీ చెప్పాలి. "ఆఖరి మనిషికి ఇనబడకుంటె అది నాటకం గాదు, గొణుగుడు" అని అరిచేవాడు. ఆ అరుపుకే బర్రె చెవి తిప్పేది, వేషగాడు బతికిపోయేవాడు.

నిద్ర మీద అంత పగ ఎందుకో ఒక మధ్యాహ్నం ఆయనే చెప్పాడు. ఆయన సొంత ఊరు భువనగిరికి నాలుగు కోసుల దూరం. మొట్టమొదటి నాటకం అక్కడే ఆడించాడట. మొదటి వరుసలో నడిమధ్యన వాళ్ళన్నను కూర్చోబెట్టాడట. రెండో రంగం కాకముందే అన్న గురక మొదలుపెట్టాడు. మూడో రంగంలో ఊరంతా నాటకం మాని ఆ గురక వింటున్నారు. చివర నాయకుడు బాణం తగిలి ప్రాణం వదిలేటప్పుడు అన్న ఉలిక్కిపడి లేచి, "అయిపోయిందా? ఇగ పోదామా?" అని గట్టిగా అడిగాడు. జనం నవ్వారు. చచ్చిపోయిన నాయకుడు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. తెల్లవారి ఈయన మూట కట్టుకుని ఊరు విడిచాడు. అన్నతో మాట్లాడి తొమ్మిదేళ్ళు.

ఊళ్ళో అందరికీ మాటలు రాసిచ్చిన మనిషి, అన్నదమ్ముల నాటకం ఒకటి మాత్రం ఎన్నేళ్ళుగానో రాస్తూ చించేస్తున్నాడు. మొదటి రంగం, మొదటి మాట దగ్గరే ఆగిపోయేది. ముందు తమ్ముడు మాట్లాడాలి, ఏమని మాట్లాడాలి? ఒకసారి తెగించి ఒక కిరీటం అన్న దగ్గరికి పంపించాడు. పదిరోజుల తర్వాత కబురొచ్చింది. "కోడి పొదగనీకె మంచిగున్నది, ఇంకోటి ఉంటె తోలుమనుండ్రి" అన్నాడట. ఆ రోజంతా కంపౌండర్ ఎవరినీ గోకలేదు. మళ్ళీ అట్ట తెచ్చి ఊళ్ళో వాళ్ళ కోసం ఇంకో కిరీటం చేస్తూ కూర్చున్నాడు. నాకు ఆయనను చూస్తే ఏడుపొచ్చింది, ఆ కోడిని తలుచుకుంటే నవ్వొచ్చింది.

భాద్రపదంలో, ఆదివారం పగటిపూట, నేను దవాఖానలో కూర్చుని కొత్త నాటకం చదువుతున్నాను. డాక్టరు క్యాంపులో ఉన్నాడు. ఒక రైతు ఎద్దును పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. ఎద్దు ఎడమ కడుపు ఉబ్బి ఉంది, నోట్లోంచి చొంగ తీగలుగా కారుతోంది, కాళ్ళు వణుకుతున్నాయి. రైతు ముక్కు చూడగానే నాకు అర్థమైంది. కంపౌండర్ ముక్కే, కొంచెం ముసలిది.

ఆయన కంపౌండర్ వైపు చూడలేదు. ఎద్దుతో, "డాక్టరున్నడా అడుగు" అన్నాడు.

కంపౌండర్ కూడా ఎద్దుతోనే, "లేడని చెప్పు. ఏం తిన్నవో చెప్పుమను" అన్నాడు.

"ఏం తిన్నదో దానికే ఎరుక" అని అన్న ఆకాశం వైపు చూశాడు.

కంపౌండర్ నా చెయ్యి పట్టి పక్కకు లాగాడు. "సారూ, ఉత్త ఉబ్బరమైతె నూనె తాపాలె. గొంతుల ఏమన్న ఇరుక్కుంటె మాత్రం నూనె తాపొద్దు, ఊపిరిల వడి చస్తది. ఏం తిన్నదో తెల్వకుంట నేనేం జెయ్యను? మా బాపు ఉన్నప్పటి ఎడ్ల జతల మిగిలింది గిదొక్కటే" అన్నాడు. ఎద్దు ముందు కాళ్ళు మడిచి కూలబడబోయి మళ్ళీ నిలబడింది. అన్న దాని మెడ పట్టుకుని నిలబడ్డాడు గానీ నోరు విప్పలేదు. తొమ్మిదేళ్ళ పంతం అంత తొందరగా దిగదు.

నాకు సాధారణంగా కోపం రాదు, వచ్చినా తెర వెనుకే ఉంటుంది. ఆ రోజు మాత్రం మేకుకున్న రెండు కిరీటాలూ లాగి ఒకటి అన్న నెత్తిన, ఒకటి తమ్ముడి నెత్తిన నొక్కాను. "ఇగ మాట్లాడుండ్రి. అది చస్తాంది" అన్నాను.

కంపౌండర్ వెన్ను నిటారుగా చేసి, ఆఖరి వరుసకు వినపడే గొంతుతో, "ఓయి రైతురాజా, నీ వృషభము ఏమి భక్షించెను?" అన్నాడు.

అన్న కిరీటం సరిచేసుకున్నాడు. గొంతు సవరించాడు. తమ్ముడి గొంతు కంటే పెద్ద గొంతుతో, "తాటిపండ్లు భక్షించెను వైద్యరాజా. ఒకటి టెంకతో సహా మింగెను. నేను కండ్లార చూసితిని" అన్నాడు.

"ఎంతసేపాయెను?"

"పొద్దుగాల ఆయెను."

"అటులైన నీవు గొంతు కిందికెల్లి పైకి తోయుము. నేను నోట్ల చెయ్యి పెట్టెదను."

ఎద్దు పళ్ళ మధ్య కట్టె ఇరికించి నన్ను పట్టుకోమన్నారు. కంపౌండర్ మోచేయి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చాడు. కిరీటం జారి కళ్ళ మీదికి వచ్చింది, అయినా ఆపలేదు. "తోయుము రాజా" అని ఈయన, "తోయుచుంటిని" అని ఆయన. వాకిలి ముందు పదిమంది పోగయ్యారు. అందులో రాజయ్య, వీరయ్య కూడా ఉన్నారు, ఎడంగా నిలబడి. చివరికి పచ్చటి పీచుతో, చొంగతో, పిడికిలంత టెంక బయటికి వచ్చింది. దాని వెనకే ఎద్దు ఒక్క త్రేన్పు త్రేన్చింది. నా చేతిలో కట్టె ఎగిరిపడింది, బల్ల మీది నాటకం కాగితాలు చెల్లాచెదురయ్యాయి, చూడవచ్చిన పదిమందీ ముక్కులు మూసుకున్నారు. ఎద్దు తల విదిలించిన విసురుకు అన్న నెత్తి మీది కిరీటం కింద పడింది, ఎద్దు దాని మీద కాలు వేసి తొక్కింది.

కంపౌండర్ మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. కిరీటం పైకి నెట్టుకుని, అదే నాటకం గొంతుతో, కాని సన్నగా, "రైతురాజా, ఆ దినమున నా నాటకములో ఎందుకు నిద్రపోతివి?" అని అడిగాడు. తొమ్మిదేళ్ళుగా రాయడం చేతకాని మొదటి మాట అదేనని నాకు అప్పుడు తెలిసింది.

అన్న నోరు తెరిచాడు. చేత్తో నెత్తి తడుముకున్నాడు. కిరీటం లేదు. నోరు మూసుకున్నాడు.

కంపౌండర్ తన కిరీటం తీసి, లేచి, అన్న నెత్తిన పెట్టాడు.

"నెల దినములు నీవు నాటకము రాసితివి" అని అన్న మొదలుపెట్టాడు. "గా నెల దినాలు బాయి కాడ మోట ఎవరు కొట్టిండ్రు? తెల్లారకముందు నా వంతు, పొద్దెక్కినంక నీ వంతు. నువ్వు రాసుకుంటాంటివి గద అని నేను పిలువలే. నాటకం నాడు ముంగట కూసోబెట్టినవ్. మీ రాజు వచ్చి నిలవడ్డది యాదికున్నది తమ్మీ, గంతే. బాగలేక పండుకోలే. నెల దినాలల్ల నేను కూసున్నదే గప్పుడు."

కంపౌండర్ నెత్తి మీద ఏమీ లేదు. చెయ్యి మోచేయి దాకా చొంగ. ఆయన ఆ చేత్తోనే అన్న గొంతు కింద గోకి, మామూలు గొంతుతో అడిగాడు.

"తిన్నవా అన్నా?"

"యాడ తింట? పొద్దుగాల సంది దీంతోనే సరిపోయె" అన్నాడు అన్న. ఇద్దరూ మా గదికి వచ్చి నా అన్నమంతా తినేసి పోయారు.

తర్వాతి నాటకం కంపౌండర్ తన సొంత ఊళ్ళోనే ఆడించాడు. దీపాలు పెట్టే వేళకు మొదలైంది. మొదటి వరుసలో నడిమధ్యన అన్నను కూర్చోబెట్టారు. ఆ రోజు కూడా పొలంలో పని చేసే వచ్చాడు. నేను తెర వెనుక కాగితాలు పట్టుకుని నిలబడ్డాను. రెండో రంగం అడవి. ఋషి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, చేతిలో పళ్ళెం. ఆ సమయానికి మొదటి వరుసలోంచి సన్నగా గురక వినిపించింది. నేను కంపౌండర్ ముఖం చూడలేక కాగితంలోకి చూశాను. అక్కడ ఎర్ర సిరాతో రెండు గీతలున్నాయి. ఋషి చెయ్యి జారడానికి సిద్ధమయింది.

కంపౌండర్ నా పక్కనుంచి ఎప్పుడు కదిలాడో నేను చూడలేదు. ధోవతి ఎగ్గట్టుకుని, అడవి మధ్యలోకి ఒక్క దూకు దూకి, పడుతున్న పళ్ళాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. దాన్ని గుండెకు హత్తుకుని, వేషగాళ్ళ వైపు తిరిగి, నేనెన్నడూ ఆయన నోట వినని చిన్న గొంతుతో చెప్పాడు.

"జర మెల్లగ చెప్పుండ్రి. అన్న పండుకున్నడు."

మిగతా నాటకమంతా రాజులూ ఋషులూ గుసగుసల్లోనే నడిపించారు. యుద్ధం కూడా అట్లాగే జరిగింది. ఆఖరి వరుసలో వాళ్ళకు ఒక్క ముక్కా వినబడలేదు. ఒక్కరూ లేచిపోలేదు.